ఆదివారం ఉదయం 5:29:42: పాత జీపీఎస్ ట్రాకర్ల తేదీ మరమ్మతు డైరీ

వాహన ట్రాకర్ ఉన్నట్టుండి పందొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లిపోయినవాళ్ల కోసం, ఇంట్లో జీపీఎస్ మాడ్యూల్‌తో టైమ్ సర్వర్ (మిగతా కంప్యూటర్లకు సరైన సమయం చెప్పే కంప్యూటర్) నడుపుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్త ట్రాకర్లు కొనే వీలుంటే అవే కొనండి, ఈ తలనొప్పి ఉండదు. మా చిన్నాయన మాత్రం "పని చేసేదాన్ని పారేయడమేందిరా" అన్నాడు కాబట్టి ఈ పని మొదలైంది.

దశ 0: ఫిర్యాదు

బెంగళూరు కలాసిపాళ్యంలో చిన్నాయనకు చిన్న ట్రావెల్స్ ఉంది. తిరుపతికి, కడపకు టెంపో ట్రావెలర్లు తిప్పుతాడు. మొత్తం ఐదు బండ్లు. మూడింటిలో పాత ట్రాకర్లు, రెండింటిలో కొత్తవి. ఫోన్లో ఆయన చెప్పింది ఇది: "మూడు బండ్లూ ఆదివారం నుంచి కదల్లేదంట రా. ఒకటి ముళబాగిలు దగ్గరే నిలబడిపోయిందని మ్యాప్ చూపిస్తా ఉంది. డ్రైవరేమో తిరుపతిలో కాఫీ తాగుతున్నానంటాడు."

ట్రాకర్లు అమ్మినవాళ్లు సిమ్ మార్చమన్నారు. మార్చినా అంతే. సిమ్ కాదని నాకు అనుమానం వచ్చింది ఒక్క విషయంతో. మూడు బండ్లు మూడు చోట్ల ఉండగా ఒకే నిమిషంలో ఆగిపోయాయి. మూడు సిమ్ములూ, మూడు యాంటెన్నాలూ కలిసి ఒకేసారి చెడవు.

దశ 1: ముడి ప్యాకెట్లు

మ్యాప్ చూడటం మానేసి, ట్రాకర్ నుంచి సర్వర్‌కు వచ్చే అసలు ప్యాకెట్లు తీసి చదివాను. పది సెకన్లకొకటి వస్తాయి. మన టైమ్‌లోకి మార్చి రాస్తే ఇలా ఉన్నాయి:

1. 14 సెప్టెంబరు 2025, 05:29:40 – లొకేషన్ సరైనది, వేగం సరైనది.
2. 29 జనవరి 2006, 05:29:50 – లొకేషన్ సరైనది, వేగం సరైనది.
3. అక్కడి నుంచి అన్నీ 2006లోనే.

బండి కదులుతూనే ఉంది. లొకేషన్ ఒక్క మీటరు కూడా తప్పలేదు. మ్యాప్ ప్రోగ్రామ్ మాత్రం "అన్నిటికన్నా తాజా తేదీ ఏది" అని వెతికి, శనివారం రాత్రి బయలుదేరిన బండి ఆదివారం తెల్లవారి ఉన్న చోటే చూపిస్తూ కూర్చుంది.

రెండు తేదీల మధ్య తేడా 7168 రోజులు. అంటే సరిగ్గా 1024 వారాలు. జీపీఎస్ ఉపగ్రహం తేదీని సంవత్సరం, నెల అని పంపదు. 6 జనవరి 1980 నుంచి ఎన్నో వారం, ఆ వారంలో ఎన్నో సెకను అని పంపుతుంది. పాత సంకేతంలో వారం నంబరుకు 10 బిట్లే ఉన్నాయి కాబట్టి 1023 తర్వాత మళ్లీ సున్నా. ఇలా ఉపగ్రహాల వైపు నంబరు తిరగబడింది రెండుసార్లే: 1999 ఆగస్టు 21 రాత్రి, 2019 ఏప్రిల్ 6 రాత్రి. తర్వాతిది 2038 నవంబరు 20 రాత్రి.

మరి 2025 సెప్టెంబరులో ఏం తిరగబడింది? ఉపగ్రహాల్లో ఏమీ లేదు. తిరగబడింది ట్రాకర్ లోపల. వారం 336 అని వినిపిస్తే అది 1360వ వారమా, 2384వ వారమా అని పరికరమే తేల్చుకోవాలి. అందుకని ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రామ్) రాసినవాళ్లు లోపల ఒక మొదటి వారం పెడతారు: "దీనికి ముందు తేదీ ఏదీ ఉండదు, ఇక్కడి నుంచి 1024 వారాలు లెక్కపెట్టు" అని. ఈ ట్రాకర్లలో ఆ మొదటి వారం 1360, అంటే 29 జనవరి 2006తో మొదలయ్యే వారం. 1024 వారాలు అయిపోగానే మళ్లీ మొదటికొచ్చింది. 2019 ఏప్రిల్‌లో ఏమీ కాలేదని ధీమాగా ఉన్నవాళ్లు గమనించాల్సింది ఇదే: ప్రతి ఫర్మ్‌వేర్‌కూ దాని సొంత గడువు ఉంటుంది, అది పెట్టె మీద రాసి ఉండదు.

ఇంకా రెండు గుర్తులు. 7168ని 7 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఆదివారం, సోమవారం అనే వారం పేరు మారదు, తప్పు తేదీలో కూడా అది ఆదివారమే. చిన్నాయన వారాల ప్రకారం చూసుకునే డ్యూటీ చార్టు అందుకే దెబ్బతినలేదు, తప్పు బయటపడటం ఆలస్యమైంది. రెండోది సమయం. జీపీఎస్ వారం దాని గడియారం ప్రకారం శనివారం అర్ధరాత్రి మారుతుంది. జీపీఎస్ గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కన్నా 18 సెకన్లు, మన టైమ్ ఐదున్నర గంటలు ముందున్నాయి కాబట్టి మన దేశంలో ఆ క్షణం ఆదివారం ఉదయం 5:29:42. మీ లాగ్‌లో గందరగోళం ఆదివారం ఆ సమయానికే మొదలైతే సిమ్ షాపుకు వెళ్లక్కర్లేదు.

ఖర్చు ఇప్పటిదాకా: ₹0. పరికరాలు: 3 చెడ్డవి, 2 సంగతి తెలియనివి.

దశ 2: బల్ల మీద ఒక ట్రాకర్

ఒక బండి సర్వీసుకు వచ్చినప్పుడు ట్రాకర్ విప్పి కేఆర్ పురంలోని మా ఇంటికి తెచ్చాను. ఎస్‌పీ రోడ్డులో చిప్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ ₹150, అయస్కాంతం ఉన్న యాక్టివ్ యాంటెన్నా ₹350.

1. మూత తీసి, జీపీఎస్ చిప్ పక్కనున్న టెస్ట్ ప్యాడ్ల మీద మల్టీమీటర్ పెట్టాను. సీరియల్ లైను 2.8 వోల్టులు. అడాప్టర్‌ను 5 వోల్టుల జంపర్‌లో పెట్టకండి, చిప్ పోతుంది.
2. 9600 వేగంలో ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాలు (చిప్ తన సమయం, లొకేషన్ చెప్పే అక్షరాల వరసలు) వచ్చాయి. వాటిలో తేదీ ఉండే ఆర్‌ఎమ్‌సీ వాక్యంలో సంవత్సరానికి రెండంకెలే: 06.
3. బ్యాకప్ బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, మిద్దె మీద యాంటెన్నా పెట్టి కోల్డ్ స్టార్ట్ (పాతదేదీ గుర్తు లేకుండా మొదటి నుంచి మొదలుపెట్టడం) చేశాను. పక్కన ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చే పద్ధతి) కలిపిన ల్యాప్‌టాప్ గడియారం.

మూడో అడుగులో ఒక పనికొచ్చే కొలత దొరికింది. ఉపగ్రహాలు దొరికి లాక్ అయిన మొదట్లో ట్రాకర్ గడియారం 4 సెకన్లు ముందుంది. కొన్ని నిమిషాలకు అదే సరిపోయింది, అంటే నాలుగు సెకన్లు లాగ్‌లో రెండోసారి వచ్చాయి. కారణం లీపు సెకన్లు, అంటే భూమి తిరిగే వేగానికి సరిపెట్టడానికి యూటీసీకి అప్పుడప్పుడు కలిపే సెకన్లు; జీపీఎస్ గడియారానికి కలపరు. వాటి లెక్క ఉపగ్రహ సందేశంలో ఒక్క పేజీలోనే ఉంటుంది. మొత్తం సందేశం పూర్తవడానికి 12.5 నిమిషాలు పడుతుంది. ఆ పేజీ అందేదాకా చిప్ తన ఫర్మ్‌వేర్‌లో రాసి ఉన్న పాత లెక్కనే వాడుతుంది. ఇప్పుడు తేడా 18. 4 సెకన్లు తప్పిందంటే లోపల రాసి ఉన్నది 14. ఆ 14 చెల్లింది 2006 జనవరి 1 నుంచి 2008 చివరిదాకా. మొదటి వారం 2006 జనవరి అన్న లెక్కకు ఇది అతికినట్టు సరిపోయింది.

ఫర్మ్‌వేర్ వయసు పట్టుకోవడానికి ఇంతకన్నా చవక పద్ధతి నాకు కనబడలేదు:

- 4 సెకన్లు వెనక్కి దూకితే: 2006–2008 నాటిది
- 3 సెకన్లు: 2009 నుంచి 2012 జూన్ వరకు
- 2 సెకన్లు: 2012 జూలై నుంచి 2015 జూన్ వరకు
- 1 సెకను: 2015 జూలై నుంచి 2016 చివరిదాకా
- దూకకపోతే: 2017, ఆ తర్వాత

ఇది అంచనాయే. మొదటి వారం, లీపు లెక్క ఒకే రోజు మార్చి ఉండాలన్న రూలు లేదు. కానీ కొన్న రోజు బిల్లు చూసి వయసు లెక్కగట్టడం కన్నా ఇది నయం. పాత చిప్‌లు కొత్త డబ్బాల్లో చాలా ఏళ్లు అమ్ముడుపోతాయి.

కొత్త ఫర్మ్‌వేర్ కోసం అమ్మినవాళ్లను అడిగితే "ఆ మోడల్ ఆపేశాం" అన్నారు. ఇక సవరణ సర్వర్ వైపే.

ఖర్చు ఇప్పటిదాకా: ₹500.

దశ 3: సర్వర్‌లో సవరణ, మూడు రూపాల్లో

ప్యాకెట్లు మ్యాప్ ప్రోగ్రామ్‌కు చేరేముందు మధ్యలో ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు పెట్టాను.

మొదటి రూపం: వచ్చిన ప్రతి తేదీకి 61,93,15,200 సెకన్లు, అంటే 1024 వారాలు కలిపేయడం. పాత బండ్లు మూడూ బాగుపడ్డాయి. అదే పోర్టుకు వచ్చే కొత్త ట్రాకర్లు రెండూ 2045 మేకి వెళ్లిపోయాయి. అది ఇంకా పెద్ద కష్టం, ఎందుకంటే మ్యాప్‌కు 2045 అంటే ఎప్పటికీ "తాజా". డేటాబేస్‌లో ఆ వరసలు చేత్తో తుడిచేదాకా ఆ బండ్లు కదల్లేదు. "19 ఏళ్లు కలిపితే పోలా" అని ఒక మిత్రుడు అన్నాడు. పోదు. 19 ఏళ్ల మీద ఇంకా 228 రోజులు మిగులుతాయి.

రెండో రూపం: తేదీకి 1024 వారాలను సున్నాసార్లు, ఒకసారి, రెండుసార్లు కలిపి చూసి, సర్వర్ గడియారానికి ఏది దగ్గరైతే అది తీసుకోవడం. ఐదు బండ్లూ సరిపోయాయి. నెట్‌వర్క్ లేని చోట ట్రాకర్ దాచుకుని తర్వాత పంపే ప్యాకెట్లు కొన్ని గంటలు పాతవైనా ఇబ్బంది లేదు.

అయితే నెల రిపోర్టు తీస్తే 7 ఏప్రిల్ 2019న బండ్లు ఆఫ్రికా పక్కన సముద్రంలో తిరిగినట్టు వచ్చింది. బండి స్టార్ట్ చేసిన కొత్తలో, ఉపగ్రహాలు దొరక్కముందు, ట్రాకర్ 6 జనవరి 1980 అనీ, అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అనీ పంపుతోంది. దానికి 1024 వారాలు రెండుసార్లు కలిపితే వచ్చేది సరిగ్గా 7 ఏప్రిల్ 2019. స్క్రిప్టు చెప్పిందే చేసింది.

మూడో రూపం, ఇప్పుడు నడుస్తున్నది:

1. ప్యాకెట్‌లో "లొకేషన్ చెల్లదు" అన్న గుర్తు ఉంటే తేదీ ముట్టుకోకుండా పక్కన పెట్టు.
2. 1024 వారాల గుణిజాల్లో సర్వర్ గడియారానికి దగ్గరైనది ఎంచుకో.
3. అప్పటికీ 30 రోజుల కన్నా తేడా ఉంటే మ్యాప్‌కు పంపకు, వేరే పట్టికలో వేయి.
4. పరికరం పంపిన అసలు తేదీని మార్చకుండా పక్క కాలమ్‌లో ఉంచు.

నాలుగోది చాదస్తంలా కనిపిస్తుంది. కానీ రేపు టోల్ గేటు టైముతోనో, ఏదైనా కేసులోనో ఈ రికార్డు చూపించాల్సి వస్తే, మార్చిన తేదీ ఏది, పరికరం ఇచ్చింది ఏది అని చెప్పగలగాలి.

లీపు సెకన్ల లెక్క చూసి వారాన్ని సరిచేసే తెలివి మాత్రం వద్దు. కంప్యూటర్లో జీపీఎస్ సమాచారం చదివే జీపీఎస్‌డీ అనే ప్రోగ్రామ్ 3.20 నుంచి 3.22 వరకు వెర్షన్లలో సరిగ్గా అదే చేసింది. 2180 దాటిన వారంలో లీపు లెక్క ఇంకా 18గానే ఉంటే వారమే తప్పు అనుకుని 1024 తీసేసేది. అప్పటికి 19వది వచ్చి ఉంటుందని అంచనా. రాలేదు. 2021 అక్టోబరు 24న ఆ వెర్షన్లు ఉన్న కంప్యూటర్లు 2002 మార్చికి వెళ్లిపోయాయి. రోలోవర్‌ను (వారం నంబరు తిరగబడటాన్ని) ఆపడానికి రాసిన వరసే రోలోవర్ తెచ్చింది. 3.23లో సరిచేశారు.

ఖర్చు ఇప్పటిదాకా: ₹500. పరికరాలు: 5కి 5 మ్యాప్ మీద సరిగ్గా ఉన్నాయి.

దశ 4: సర్వర్‌కు అందని తప్పు

బల్ల మీదున్న ట్రాకర్‌లో మెమరీ కార్డు ఉంది. రోజుకో ఫైలు, పేరు తేదీనే. కార్డు నిండితే అన్నిటికన్నా పాత తేదీ ఫైలు తీసేస్తుంది. ఇప్పుడు పాతది ఏది? ఈ రోజు రాసినదే, దాని పేరు 2006 కదా. కార్డు నిండాక ప్రతి కొత్త ఫైలూ పుట్టిన వెంటనే పోతోంది, నెలల కిందటివి మాత్రం భద్రంగా ఉన్నాయి. నెట్‌వర్క్ లేని ఘాట్ రోడ్డు భాగం ఆ కార్డులోనే ఉండాలి. అక్కడే ఖాళీ.

దీనికి స్క్రిప్టు ఏమీ చేయలేదు. కార్డులోనిది కాపీ తీసుకుని ఫార్మాట్ చేస్తే చాలు, అన్నీ 2006 ఫైళ్లే అవుతాయి, వరస మళ్లీ నిజమవుతుంది. మూడింటికీ చేశాను. ఒక కార్డు ఫార్మాట్‌కు ఒప్పుకోలేదు, కొత్తది ₹400.

ఖర్చు ఇప్పటిదాకా: ₹900.

దశ 5: ఇంకా చెడనిదాని గడువు కనుక్కోవడం

ఇంట్లో టైమ్ సర్వర్‌కు వాడుతున్న చిన్న జీపీఎస్ మాడ్యూల్ ఒకటి ఉంది. తేదీ బాగానే ఉంది, కానీ కోల్డ్ స్టార్ట్‌లో 3 సెకన్లు దూకింది. ఎప్పుడు చెడుతుందో తేలాలంటే దానికి భవిష్యత్ తేదీ వినిపించాలి.

ముందే చెప్పాల్సింది: జీపీఎస్ బ్యాండులో గాల్లోకి ఏమీ పంపకూడదు. అది నేరం, పైగా చుట్టుపక్కల ఫోన్లకూ పైన విమానాలకూ ప్రమాదం. ఇక్కడ చేసిందంతా కేబుల్ లోపలే, మాడ్యూల్ స్టీలు డబ్బాలో.

సామాను: మిత్రుడి దగ్గర తెచ్చుకున్న హ్యాక్‌ఆర్‌ఎఫ్ (రేడియో సంకేతాలు పుట్టించే పరికరం), సంకేతాన్ని బలహీనం చేసే 30 డీబీ అటెన్యుయేటర్లు మూడు (₹1,350), డీసీ బ్లాక్ (₹600), ఎస్‌ఎమ్‌ఏ కేబుళ్లు రెండు (₹360). సంకేతం తయారుచేసేది జీపీఎస్-ఎస్‌డీఆర్-సిమ్ అనే ఉచిత ప్రోగ్రామ్.

డీసీ బ్లాక్ ఎందుకంటే, మాడ్యూల్ యాక్టివ్ యాంటెన్నా కోసం తన సాకెట్లోనే 3 వోల్టుల చిల్లర బయటికి పంపుతుంది. అది నేరుగా అటెన్యుయేటర్‌లోకి, దాని వెనక హ్యాక్‌ఆర్‌ఎఫ్‌లోకి పోకూడదు.

మొదటి కూర్పులో ఒక్క ఉపగ్రహం కూడా పట్టలేదు. గెయిన్ (సంకేతం బలం) పెంచినా, అటెన్యుయేటర్ ఒకటి తీసినా అంతే. అసలు లోపం ఫ్రీక్వెన్సీలో ఉంది. హ్యాక్‌ఆర్‌ఎఫ్ లోపలి క్రిస్టల్ నాకు 9 పీపీఎమ్ (పది లక్షల్లో 9 వంతులు) పక్కకు కొలతకొచ్చింది. 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర అది 14.2 కిలోహెర్ట్జ్. రిసీవర్ వెతికే వెడల్పు అంత ఉండదు. ఇంతకన్నా నిలకడైన క్రిస్టల్ ఉన్న 10 మెగాహెర్ట్జ్ టీసీఎక్స్‌ఓ బోర్డు (₹1,200, 0.5 పీపీఎమ్) తెచ్చి బయటి క్లాక్ సాకెట్‌కు కలిపాక తేడా 0.8 కిలోహెర్ట్జ్‌కు దిగింది. నిమిషం లోపే లాక్. గెయిన్ తగ్గించుకుంటూ వచ్చి, బలం 44 డీబీహెర్ట్జ్ దగ్గర ఆపాను, మిద్దె మీద మామూలుగా కనిపించేది అంతే.

ఖర్చు ఇప్పటిదాకా: ₹4,410.

వారం వెతికే పద్ధతి:

1. బ్యాకప్ బ్యాటరీ తీసేయాలి. లేకపోతే మాడ్యూల్ తాను చివరిగా చూసిన తేదీ గుర్తుపెట్టుకుని, దాని ఆధారంగా ఏ 1024 వారాల చుట్టులో ఉన్నామో సరిగ్గా ఎంచుకుంటుంది. పరీక్ష పాసైనట్టు కనిపిస్తుంది.
2. ఇవాళ్టి నుంచి 512 వారాల తర్వాతి తేదీతో రెండు నిమిషాల ఫైలు తయారుచేయాలి. సెకనుకు 5.2 ఎంబీ, అంటే 624 ఎంబీ.
3. మాడ్యూల్ చూపిన సంవత్సరం సరైనదైతే ముందుకు, గతంలోకి పోతే వెనక్కి, ప్రతిసారీ సగం సగం చేసుకుంటూ పోవాలి. 1024 అంటే 2ను పదిసార్లు హెచ్చించినదే కాబట్టి పది ఫైళ్లతో ఒక్క వారం దగ్గర తేలిపోతుంది.
4. ప్రతి ఫైలుకూ ముందు కోల్డ్ స్టార్ట్. ఇది వదిలేస్తే ముందు ఫైలు తేదీ తర్వాతి దాన్ని పాడుచేస్తుంది.

ఫలితం: మొదటి వారం 1590, అంటే 27 జూన్ 2010. 3 సెకన్ల గుర్తుకు సరిపోయింది. గడువు 10 ఫిబ్రవరి 2030, ఆదివారం. అప్పటికి కొత్త లీపు సెకను ఏదీ రాకపోతే, మళ్లీ అదే 5:29:42కి.

ఒకటో అడుగులోని సంగతి ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. గుర్తుపెట్టుకునే మాడ్యూల్ గడువు దాటినా కొన్నేళ్లు బాగానే నడవచ్చు. బ్యాకప్ సెల్ చచ్చిన రోజు తప్పు తేదీకి పోతుంది. అప్పుడది ఆదివారమే అయి ఉండక్కర్లేదు, కారణం పట్టుకోవడం ఇంకా కష్టం.

యూ-బ్లాక్స్ కంపెనీ మాడ్యూల్ ఉన్నవాళ్లకు కొంత సులువు. సీఎఫ్‌జీ-నావ్‌ఎక్స్5 సందేశంలో మొదటి వారాన్ని మనమే రాసే గడి ఉంది. సున్నా పెడితే ఫర్మ్‌వేర్ సొంత లెక్కకు పోతుంది. ఫ్లాష్ లేని మాడ్యూళ్లలో ఆ సెట్టింగ్ బ్యాకప్ బ్యాటరీ ఉన్నంతవరకే. ప్రతి బూట్‌లో పంపేలా స్క్రిప్టులో పెట్టేయడం మేలు.

చేతిలో పట్టుకునే ట్రెక్కింగ్ పరికరం ఒకటి కూడా ఉంది. దానికి యాంటెన్నా సాకెట్ లేదు కాబట్టి కేబుల్‌తో కుదరదు. వదిలేశాను.

దశ 6: టైమ్ సర్వర్

టైమ్ సర్వర్‌గా నేను వాడుతున్న రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు కరెంటు లేనప్పుడు నడిచే సొంత గడియారం లేదు, బూట్ అవగానే మాడ్యూల్ చెప్పిన తేదీనే నమ్ముతోంది. 2030 తర్వాతి ఫైలు వినిపించి చూశాను. తేదీ వెనక్కి పోగానే వెబ్ సర్టిఫికెట్లన్నీ "ఇంకా చెల్లుబాటు మొదలవలేదు" అని తిరస్కరించబడ్డాయి. అప్‌డేట్లు రావు, లాగ్ పంపదు, దూరం నుంచి చూసేవాడికి ఇంటర్నెట్ పోయినట్టే ఉంటుంది.

మాడ్యూల్ ప్రతి సెకను మొదట్లో ఇచ్చే సెకను పల్స్ మాత్రం ఏ ఫైలులోనూ చెక్కుచెదరలేదు. వారం నంబరుకూ ఆ పల్స్‌కూ సంబంధం లేదు. అందుకని పని విడదీశాను: ఏ రోజు, ఏ సెకను అన్నది ఇంటర్నెట్ ఎన్‌టీపీ నుంచి, ఆ సెకను సరిగ్గా ఎక్కడ మొదలవుతుందన్నది జీపీఎస్ పల్స్ నుంచి. గడియారం సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రామ్‌లో మాడ్యూల్ తేదీ వాక్యాలను "ఎంచుకోవద్దు" అని పెట్టాను. మళ్లీ అదే ఫైలు వినిపిస్తే గడియారం తేదీ కదల్లేదు.

మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా ఉన్న మాడ్యూల్ కొంటే రెండు వ్యవస్థలు ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి కదా అని ఇక్కడ బెంగళూరులో చాలామంది అంటారు. ఈ విషయంలో కుదరదు. నావిక్ ఎల్5, ఎస్ బ్యాండ్ సంకేతాల్లో కూడా వారానికి 10 బిట్లే, లెక్క మొదలైంది 22 ఆగస్టు 1999న. అంటే జీపీఎస్ మొదటిసారి తిరగబడిన రోజే. రెండూ 2019లో కలిసే సున్నాకు వచ్చాయి, 2038లోనూ కలిసే వస్తాయి. సాక్షిగా యూరప్ వాళ్ల గెలీలియో నయం: 12 బిట్లు, 4096 వారాలు, 2078 దాకా నడుస్తుంది. చైనా వాళ్ల బైడూ, జీపీఎస్ సొంత ఎల్5 సంకేతం 13 బిట్లవి.

దశ 7: మిగిలిన పని

1. స్క్రిప్టు మొత్తం సర్వర్ గడియారం మీద ఆధారపడింది. అది తప్పితే ఐదు బండ్లూ తప్పుతాయి. సర్వర్ గడియారం ఎన్‌టీపీతో రెండు నిమిషాల కన్నా తేడాలో ఉంటే స్క్రిప్టు ఆగి మెసేజ్ పంపేలా రాయాలి.
2. కొత్త ట్రాకర్లు రెండింటికీ లీపు సెకన్ల పరీక్ష. బండ్లు ఖాళీ లేవు. పండగ రద్దీ తగ్గాక ఇస్తానన్నాడు చిన్నాయన.
3. రాస్‌ప్బెర్రీ పైలో పాత 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. 2038 జనవరి 19న దాని గడియారం వేరే కారణంతో పొంగిపోయి తప్పు తేదీకి పోవచ్చు. 64 బిట్లది ఎక్కించాలి.
4. హ్యాక్‌ఆర్‌ఎఫ్ తిరిగి ఇచ్చేయాలి. అంతలోపు ఎవరి దగ్గరైనా యాంటెన్నా సాకెట్ ఉన్న పాత పరికరం ఉంటే కేఆర్ పురం తెస్తే చూస్తాను. బ్యాకప్ సెల్ ఎక్కడుందో తెలుసుకుని రండి, సగం టైము దాన్ని వెతకడానికే పోతోంది.

మొత్తం ఖర్చు: ₹4,410. గడువు దాటినా సర్వర్ సవరణతో నడుస్తున్నవి 3, గడువు తెలిసింది 1, ఇంకా తెలియనివి 3.